తవిటమ్మ అనే దేవకన్య

అనగనగా ఒక రాజు. ఆ రాజు సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే ఈ కథలో కూర్చుని ఏడవడం తప్ప ఆయన చేసిందేమీ లేదు. ఈ కథ ఒక దేవకన్యది. ఆమె పేరు తవిటమ్మ.

నవ్వారా? నవ్వండి, నవ్వండి. ఆ పేరు విని నవ్వనివాళ్ళు ముల్లోకాల్లోనూ లేరు. కథ అయ్యేసరికి ఆ నవ్వు మీ మొహాల మీద ఉంటుందో లేదో నేనూ చూస్తాను.

ఏడు సముద్రాల అవతల వెన్నెలకొండ అని ఒక కొండ. దేవకన్యలుండేది అక్కడే. ఒకామె మౌక్తికవేణి, ఒకామె ఇంద్రనీల, ఒకామె సుగంధలేఖ. పేరు పలికితే చాలు, నోట్లో కలకండ వేసుకున్నట్టుంటుంది. వాళ్ళ మధ్య తవిటమ్మ. తవుడంటే తెలుసుగా? బియ్యం దంచినప్పుడు రాలే పొడి, గేదెల కుడితిలో కలిపేది. అలాంటి పేరు పెట్టుకుని ఆ పిల్ల అక్కడ ఎలా పెరిగిందో మీరే ఆలోచించుకోండి. ఎవరూ లేనప్పుడు కొలను ఒడ్డున కూర్చుని, నీళ్ళలో తన నీడను చూసుకుంటూ, "కల్హారమాలా, కల్హారమాలా" అని తనను తానే పిలుచుకునేది. ఆ పేరు తనకు తాను పెట్టుకున్నది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ కొండ మీద ఒక ఆచారం ఉంది. ఈడొచ్చిన దేవకన్య దేవరాణి ముందు నిలబడి, తన పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పాలి. చెబితే భుజాలకు రెక్కలు మొలుస్తాయి. తన పేరు సంగతే తెలియని పిల్ల గాలిలోకి లేచిపోతే, ఏమని పిలిచి కిందికి దించుతారు? అందుకని ఆ ఆచారం.

రెక్కల పండుగ వచ్చింది. మౌక్తికవేణి లేచి, "నేను పుట్టినప్పుడు ఆకాశం నుంచి ముత్యాలు రాలి మా అమ్మ జడలో చిక్కుకున్నాయి, అందుకే నాకా పేరు" అంది. రెక్కలు మొలిచాయి. ఇంద్రనీల లేచి, "నా కళ్ళు చూసి దేవరాణిగారే పెట్టారు" అంది. రెక్కలు మొలిచాయి. తర్వాత తవిటమ్మ లేచింది. నోరు తెరిచింది. తెలిస్తే కదా చెప్పడానికి!

"నేను చెబుతాను ఉండండి," అంది సుగంధలేఖ. "దీని ఒంటి రంగు చూడండి, అచ్చం తవుడు రంగు. అందుకే ఆ పేరు."

అందరూ నవ్వారు.

"కాదు కాదు," అంది ఇంద్రనీల. "పసితనంలో పాలు పట్టేవాళ్ళు లేక కుడితి తాగి ఉంటుంది. అందుకే ఆ పేరు."

అందరూ ఇంకా నవ్వారు.

"అదీ కాదు," అంది మౌక్తికవేణి, కొత్త రెక్కలు ఆడిస్తూ. "దేవుడు మనందరినీ మేలైన బియ్యంతో చేశాడు. చేశాక చేటలో మిగిలిందాన్ని పారబోయడం ఎందుకని దీన్ని చేశాడు. అందుకే ఆ పేరు."

ఈసారి దేవరాణి కూడా నవ్వింది. పెద్దదాన్నన్న జ్ఞానం ఉండొద్దూ? చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. తవిటమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నవ్వడం అయిందా?" అంది. "నా పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో కనుక్కునే వస్తాను. అది మంచి పేరైతే మీ నవ్వులన్నీ మీచేతే కక్కిస్తాను. పాడు పేరైతే, పెట్టినవాళ్ళ మెడలు వంచి మార్పిస్తాను."

తిన్నగా ముత్యాలవ్వ దగ్గరికి పోయింది. తవిటమ్మను పెంచిన ముసలి దేవకన్య ఆమె. "అవ్వా, నా పేరు ఎవరు పెట్టారు?" అంటే, "తోటలో నీళ్ళు పోశావా?" అంది అవ్వ. "అవ్వా, నా పేరు ఎవరు పెట్టారు?" అంటే, "పూలు కోశావా?" అంది అవ్వ. మూడోసారి తవిటమ్మ గొంతెత్తి అడిగేసరికి, కొండ మీది నెమళ్ళన్నీ బెదిరి చెట్లెక్కాయి. అవ్వకు చెప్పక తప్పలేదు.

"భూలోకంలో తుమ్మలగిరి అని ఒక రాజ్యం ఉందే," అంది అవ్వ. "అక్కడి ఏట్లో స్నానం చేసి వస్తున్నాను. కోట వెనక పెంటపోగు. పెంటపోగు మీద చేట. చేటలో నువ్వు. పక్కన జుట్టు విరబోసుకుని ఒక ఆడమనిషి. కట్టుకున్నది మాత్రం పట్టుచీర. 'దీన్ని కొంటావా?' అంది. 'ఎంతకమ్మా?' అన్నాను. 'పిడికెడు తవుడుకి' అంది. తవుడు గంప అక్కడే ఉంది. పిడికెడు తీసి ఆమె ఒళ్ళో పోశాను. 'దీని పేరు తవిటమ్మ' అంది. నిన్ను చంకనేసుకుని వచ్చేశాను. మనలో కొన్నది కొన్నదే కదా!"

"ఆమె ఏడవలేదా?"

"లేదు తల్లీ. కనీసం వెనక్కి కూడా పిలవలేదు."

అంతే. తవిటమ్మకు కోపంతో కళ్ళు కనబడలేదు. పట్టుచీరకు లోటు లేదు గానీ పసిబిడ్డకు పాలు కరువయ్యాయా? ఏనుగుకో గుర్రానికో మార్చుకున్నా ఇంత మండేది కాదు. పిడికెడు తవుడు! గేదె కూడా అంత తవుడుకి లేచి నిలబడదు. "ఆ మనిషిని చూస్తాను, అవ్వా," అంది. "చూసి, మొహం మీదే అడుగుతాను." రెక్కలు లేకపోతేనేం, కాళ్ళున్నాయి. అవ్వ పిలుస్తున్నా వినకుండా కొండ దిగిపోయింది.

సముద్రపు ఒడ్డున ఒక తాబేలు ఎండలో పడుకుని ఉంది. "ఎవరమ్మా అంత రుసరుసలాడుతూ పోతున్నావు?" అంది.

"నేను తవిటమ్మను. నవ్వుతావా? త్వరగా నవ్వేసెయ్, నాకు పనుంది."

"నేనెందుకు నవ్వుతానమ్మా?" అంది తాబేలు. "తాబేలు చొచ్చిన ఇల్లు పాడవుతుందని నన్నూ అంటారు. నా ఇల్లు నా వీపు మీదే ఉందాయె, నాకింకొకరి ఇంట్లోకి చొరబడాల్సిన ఖర్మేమిటి? ఎక్కు, దాటిస్తాను."

తవిటమ్మ తాబేలు వీపెక్కింది. మంచినీళ్ళ సముద్రం దాటారు, పాల సముద్రం దాటారు, పెరుగు సముద్రం దాటారు. పెరుగు చలవ కదా, ఈ పిల్ల కోపం కాస్త తగ్గుతుందేమోనని తాబేలు అనుకుంది. తగ్గలేదు. నేతి సముద్రంలో ఆ కోపం ఇంకా రాజుకుంది. కల్లు సముద్రం, చెరకురసం సముద్రం దాటి, ఆఖరికి ఉప్పు సముద్రం దాటేసరికి పుండు మీద ఉప్పు చల్లినట్టయింది.

ఇవతలి ఒడ్డున ఒక గాడిద నిలబడి ఉంది. "ఎవరమ్మా అంత చిందులు తొక్కుతున్నావు?" అంది.

"నేను తవిటమ్మను. నవ్వుతావా?"

"నేనా? ఎవడు ఎవణ్ణి తిట్టాలన్నా నా పేరే కావాలి," అంది గాడిద. "మోసేది వాళ్ళ మూటలు, పడేది వాళ్ళ తిట్లు. ఎక్కమ్మా, తీసుకుపోతాను." గాడిద ఎక్కి తవిటమ్మ అడవులు దాటింది, కొండలు దాటింది, తుమ్మలగిరి కోట చేరింది.

కోట గోడ మీద ఒక కాకి ఉంది. "ఎవరమ్మా గాడిదనెక్కి వస్తున్నావు?" అంది.

"నేను తవిటమ్మను. నువ్వూ నవ్వు, ఒక పనైపోతుంది."

"నవ్వను," అంది కాకి. "తద్దినం నాడు రా రా అని బతిమాలి పిండం పెడతారు, మర్నాడు వాకిట్లో వాలితే రాయి విసురుతారు. మనుషుల సంగతి నాకు తెలియదూ! నువ్వు వెతికే మనిషి కోట వెనక ఉంది, పో. ఎప్పుడూ అక్కడే ఉంటుంది."

తవిటమ్మ కోట వెనక్కి పోయింది. పెంటపోగు. దాని మీద పట్టుచీర కట్టుకున్న ఒక ఆడమనిషి. ఆ చీర వెలిసిపోయింది, జుట్టు నెరిసిపోయింది. ఆమే తుమ్మలగిరి రాణి చంపకవల్లి.

"ఏమమ్మా," అంది తవిటమ్మ, నడుముకు చేతులు పెట్టుకుని. "ఇంకా అమ్మకం సాగుతోందా? ఈసారి ఎవరిని అమ్ముతున్నావు? ధర పెరిగిందా, లేక గుప్పెడు ఊక పారేసినా చాలా?"

రాణి తలెత్తి చూసింది. ఆ కళ్ళు, ఆ ముక్కు, ఆ గడ్డం చూసింది. చూడగానే తన నోరు తన రెండు చేతులతో గట్టిగా మూసుకుంది. తర్వాత కోట చూరు మీదికి భయంగా చూసింది. ఒక్క మాట మాట్లాడకుండా తవిటమ్మ చెయ్యి పట్టుకుని పశువుల కొట్టంలోకి లాక్కుపోయి, తలుపు వేసి, గుసగుసగా, "వచ్చావా?" అంది.

"గుసగుసలెందుకు? అరిచి చెప్పు! అమ్మేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?"

"నెమ్మదిగా, తల్లీ, నెమ్మదిగా. చిలుక వింటుంది."

"ఏ చిలుక?"

అప్పుడు రాణి చెప్పింది. గుసగుసగానే చెప్పింది. మీరు కూడా చెవులు దగ్గర పెట్టి వినండి.

నల్లగుట్ట మీద పింగళాక్షుడని ఒక మాంత్రికుడున్నాడు. వాడికి బొమ్మల కొలువంటే పిచ్చి. ఆ కొలువులో పెట్టేది మట్టిబొమ్మల్ని కాదు, పిల్లల్ని. వాడి దగ్గర ఒక చిలుక ఉంది. అది చూరు మీద వాలి, తల్లి ముద్దుగా పిలిచే పేరు విని నేర్చుకుంటుంది. తర్వాత అచ్చం తల్లి గొంతుతో ఆ పేరు పెట్టి పిలుస్తుంది. పిల్ల "ఆఁ" అని పలికిందో, బొమ్మైపోతుంది. రాజు మణిధరుడికి, రాణి చంపకవల్లికి మొదట కనకరేఖ అని ఒక కూతురు పుట్టింది. చిలుక పిలిచింది, పిల్ల పలికింది, పోయింది. తర్వాత పద్మరాగ అని ఒక కూతురు పుట్టింది. ఆమె కూడా అలాగే పోయింది. రాజు సింహాసనం మీద కూర్చుని ఏడ్చాడు. మూడో కూతురు పుట్టింది.

"మా దేశంలో ఒక ఆచారం ఉంది తల్లీ," అంది రాణి. "పుట్టిన బిడ్డలు దక్కకపోతే, ఆ తర్వాతి బిడ్డను చేటలో వేసి పెంటపోగు మీద పెడతారు. దారినపోయే ఆమె పిడికెడు తవుడిచ్చి కొంటుంది. 'కొన్నది నేను, పెంచేది నువ్వు' అని బిడ్డను మళ్ళీ తల్లి ఒళ్ళోనే పెట్టి పోతుంది. బిడ్డకు తవిటమ్మ అని పేరు పెడతారు. చావైనా, మాంత్రికుడైనా, ఆ పేరు విని, 'ఛీ, తవుడుకి కొన్న పిల్ల మనకెందుకు' అని వదిలేసి పోతారని. బంగారం లాంటి బిడ్డనే తల్లీ అలా పిలిచేది. అక్కర్లేని బిడ్డకు ఆ పేరు ఎవరూ పెట్టరు."

"మరి మా అవ్వ?"

"ఎవరో ఏమో, మా దేశపు మనిషి కాదు. తవుడు ఒళ్ళో పోసింది. ఇక ఆ మాట అంటుంది, నిన్ను తిరిగి ఇస్తుంది అని చేతులు చాపాను. ఆమె నిన్నెత్తుకుని నడిచిపోయింది. నిజంగానే కొనుక్కుపోయింది."

"వెనకనుంచి ఒక్క కేక వెయ్యకపోయావా? నా బిడ్డ అని ఒక్క మాట అనకపోయావా?" అంది తవిటమ్మ.

"చిలుక చూరు మీదే ఉంది. నా బిడ్డ అన్నానంటే అక్కరున్న బిడ్డేనని దానికి తెలిసిపోతుంది. నువ్వు వాడి కొలువుకి పోతావు. అరవకపోతే పరాయి ఇంటికి పోతావు, బతికుంటావు." రాణి తన కింది పెదవి చూపించింది. అది రెండుగా చీలి, మానిపోయి ఉంది. "నువ్వు కనుచూపు మేర దాటేదాకా దీన్ని పళ్ళ కింద పెట్టుకున్నాను."

తవిటమ్మ ఆ పెదవి చూసింది. చూసి, కూలబడింది. అంత కోపం మోసుకుని ఏడు సముద్రాలు దాటి వచ్చిన పిల్ల, కోపాన్ని ఎవరి మీద దించాలో తెలియక కాసేపు గడ్డిలో కూర్చుంది. ఎక్కువసేపు కాదు. దించాల్సిన చోటు దొరికింది.

"ఆ నల్లగుట్ట ఎక్కడ?" అంది లేస్తూ.

"వద్దు తల్లీ! మొన్ననే మేరుపురం యువరాజు చండప్రతాపుడు సైన్యంతో వెళ్ళాడు. వాకిట్లో నిలబడగానే అతని వంది ఒకడు, 'రాజమార్తాండ, శత్రుగజకేసరి, చండప్రతాప' అంటూ బిరుదులు చదవడం మొదలుపెట్టాడు. చిలుక అది విని పేరు పెట్టి పిలిచింది. అతను దర్జాగా 'ఆఁ' అన్నాడు. కత్తి దూసే పని కూడా లేకుండా బొమ్మైపోయాడు."

"నాకు వందులు లేరులే," అంది తవిటమ్మ.

కాకి దారి చూపించింది. గాడిద మోసుకుపోయింది. దారిలో కాకి చెప్పింది: "వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదు. చిలుకలో ఉంది. పేర్లు వినడానికి బయటికి పోనప్పుడు చిలుక, కొలువులో అన్నిటికంటే పై మెట్టు మీద బంగారు పంజరంలో ఉంటుంది. ఆ కొలువున్న గుహ తలుపు మాత్రం మనుషులెవరూ తెరవలేరు."

"మనుషులు తెరవలేకపోతే మనుషుల తిట్లు తెరుస్తాయి," అంది గాడిద. గుహ ముందుకు చేరగానే వెనక్కి తిరిగి, ఇన్నాళ్ళ ఉక్రోషమూ కలిపి రెండు కాళ్ళతో ఒక్క తాపు తన్నింది. తలుపు విరిగి లోపల పడింది.

లోపల మెట్లు, మెట్ల మీద బొమ్మలు. చేతిలో గిలక పట్టుకున్న బొమ్మ ఒకటి, వేలు నోట్లో పెట్టుకున్న బొమ్మ ఒకటి, అమ్మ పిలిచిందని నవ్వుతూ పరిగెత్తబోతున్న బొమ్మ ఒకటి. తవిటమ్మ వాటిని చూసింది. కోపం ఎంతదాకా పెరగగలదో ఆమెకు అప్పుడు తెలిసింది.

పింగళాక్షుడు పట్టుగుడ్డతో ఒక బొమ్మకు దుమ్ము తుడుస్తున్నాడు. "ఎవర్తివే నువ్వు?" అన్నాడు.

"తవిటమ్మను."

వాడు పడీపడీ నవ్వాడు. చిలుక కూడా నవ్వింది. "పిలువు దీన్ని," అన్నాడు వాడు చిలుకతో.

"ఛీ ఛీ!" అంది చిలుక. "దానిమ్మ గింజలు తినే నోరిది. ఆ మాట నా నాలుక మీదికి రాదు."

"అదీ నిజమే. తవుడు బొమ్మను ఏ మెట్టు మీద పెట్టను? చూసినవాళ్ళు నా కొలువునేమనుకుంటారు?" వాడు గడ్డం గోక్కున్నాడు. గొంతు మెత్తగా చేసుకున్నాడు. "పిల్లా, చక్కగా ఉన్నావు. నీకా పేరేమిటి? మంచి పేరు నేను పెడతాను. పిలిస్తే పలుకు, చాలు. హేమప్రభ, బాగుందా?"

"హేమప్రభా!" అని చిలుక తేనె గొంతుతో పిలిచింది.

తవిటమ్మ పలకలేదు. ఒక మెట్టెక్కింది.

"నచ్చలేదా? అయితే నవరత్నమాలిక!"

"నవరత్నమాలికా!" అని చిలుక వీణ మీటినట్టు పిలిచింది.

తవిటమ్మ పలకలేదు. ఇంకో మెట్టెక్కింది.

మాంత్రికుడు ఆమె కళ్ళలోకి చూశాడు. మాయలమారి కదా, మనసులో దాచుకున్నది పసిగట్టాడు. చిలుక చెవిలో ఏదో ఊదాడు.

"కల్హారమాలా!" అంది చిలుక. అచ్చం అమ్మ గొంతుతో అంది.

పిల్లలూ, ఇక్కడ మాత్రం ఆమెను ఏమీ అనకండి. చిన్నప్పటినుంచి ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే బాగుండునని ఎదురుచూసిన పిల్ల. నోరు దానంతటదే తెరుచుకుంది. "ఆ" సగం వరకూ వచ్చేసింది. మునివేళ్ళు అప్పుడే చల్లబడి మట్టైపోతున్నాయి. అప్పుడామెకు ఆ చీలిన పెదవి గుర్తొచ్చింది. మా అమ్మ నోరు మూయించినవాడు, మా అమ్మ గొంతుతో నన్ను పిలుస్తాడా!

"నోర్ముయ్!" అని అరిచింది. "నా పేరు తవిటమ్మ! నన్ను నీ చేతికి చిక్కకుండా కాపాడుకోవడానికి మా అమ్మ పెట్టిన పేరు! పెంటపోగు మీద కూర్చుని, పెదవి కొరుక్కుని పెట్టిన పేరు!"

ఎవరు పెట్టారో చెప్పింది. ఎందుకు పెట్టారో చెప్పింది. ఆచారం ఏ కొండ మీదైనా ఆచారమే. ఆమె భుజాలకు రెక్కలు మొలిచాయి. ఒక్క ఊపులో పై మెట్టుకి ఎగిరి, పంజరం విరిచి, చిలుకను పట్టుకుంది.

"ఆగు ఆగు! నీ పేరు చాలా మంచి పేరు!" అంది చిలుక. "తవి... తవిట..." అంటూ ఆ పేరు పలకబోయింది. పలికేలోపే తవిటమ్మ దాని మెడ విరిచేసింది. అక్కడ పింగళాక్షుడు కూడా మెడ విరిగి, దుమ్ము తుడిచే గుడ్డ చేతిలో ఉండగానే కూలిపోయాడు.

మెట్ల మీద బొమ్మలన్నీ కదిలాయి. గుహంతా ఏడుపులు, పిలుపులు. కనకరేఖ, పద్మరాగ లేచి నిలబడ్డారు. బొమ్మలకు వయసు పెరగదు కదా, పెద్దక్క తవిటమ్మ నడుము దాకా కూడా లేదు. చిన్నక్క ఇంకా తప్పటడుగులే. "అమ్మేది?" అని ఇద్దరూ రాగం తీశారు. తవిటమ్మ చిన్నక్కను చంకనెత్తుకుని, పెద్దక్కను గాడిదెక్కించింది. యువరాజు చండప్రతాపుడు మిగతా పిల్లల్ని వెంటబెట్టుకుని, సిగ్గుతో తల వంచుకుని వాళ్ళ వెనక నడిచాడు.

దారిలో అతను నెమ్మదిగా, "మీకు ఇష్టమైతే మిమ్మల్ని పెళ్ళాడతాను" అన్నాడు.

"నా పేరు తెలుసా?"

"తవిటమ్మగారు."

తవిటమ్మ అతని మొహంలోకి గుచ్చి చూసింది. నవ్వు ఆనవాలు వెతికింది. లేదు.

"నా పేరు చదివించుకుంటూనే బొమ్మనైపోయినవాణ్ణి," అన్నాడు అతను. "ఇంకొకరి పేరు విని నవ్వే మొహమా నాది?" ఆ మాట తవిటమ్మకు నచ్చింది. అయినా ఇల్లు చేరేదాకా ఔనని చెప్పలేదు.

తుమ్మలగిరిలో పందిరి వేశారు. రాజు మణిధరుడు ఆనందంతో మళ్ళీ ఏడ్చాడు. వెన్నెలకొండ నుంచి దేవకన్యలందరూ దిగి వచ్చి ఒక వరసలో కూర్చున్నారు. ముత్యాలవ్వ రాణి కాళ్ళ మీద పడి, "తెలియక చేశానమ్మా" అంటే, రాణి ఆమెను లేవనెత్తి పక్కన కూర్చోబెట్టుకుంది. కోపం రాలేదా అంటారా? వచ్చింది. కానీ బిడ్డను బతికించి పెంచిన చేతుల్ని ఏమనగలదు!

పీటల మీద వధూవరులు కూర్చున్నారు. పురోహితుడు వరుడి వంశం చదివాడు. తర్వాత, "వధువు ఎవరి పుత్రిక? నామధేయమేమిటి?" అని అడిగాడు. అడిగి, పేరు గుర్తొచ్చి, దగ్గి, "పోనీ, ఈ శుభవేళ ఏదైనా లక్షణమైన పేరు పెట్టి..." అని నసిగాడు.

రాజు, రాణి వైపు చూశాడు. ఆ దేశపు మర్యాద ప్రకారం ఆ మాట చెప్పాల్సింది తల్లే. రాణి లేచింది. నోరు తెరిచింది. మాట రాలేదు. కళ్ళు వాటంతటవే చూరు వైపు పోయాయి. చిలుక చచ్చిందని తెలుసు, మాంత్రికుడు చచ్చాడని తెలుసు. కానీ అన్నేళ్ళు నొక్కి పట్టిన గొంతు ఒక్క రోజులో ఎలా పెగులుతుంది? చెయ్యి మెల్లగా నోటి మీదికి పోయింది.

పందిట్లో గుసగుసలు మొదలయ్యాయి. "అమ్మేసిన పిల్ల కదా, ఏమని చెప్పుకుంటుంది?" అన్నారెవరో.

తవిటమ్మ పీటల మీదనుంచి లేచి నిలబడింది. బాసికం ఒక పక్కకు జారింది. "అమ్మా!" అని అరిచింది. "ఆ రోజు నోరు మూసుకున్నావు, నేను బతికాను. ఇవాళ కూడా మూసుకుంటే నేను చచ్చినట్టే. చెయ్యి తియ్యి! ఎవరికి భయం? ఎవరున్నారిక్కడ? చెప్పు, నేనెవరి పిల్లనో చెప్పు!"

రాణి చెయ్యి కిందికి దిగింది.

"నా బిడ్డ!" అంది. మొదట చిన్నగా అంది. తర్వాత ఆ చీలిన పెదవి అదిరింది. "నా బిడ్డ! నా కడుపున పుట్టిన బిడ్డ! తవుడుకి అమ్మింది నేనే, పేరు పెట్టింది నేనే! దీని పేరు తవిటమ్మ! వింటున్నారా? తవిటమ్మ!"

అది ఇవాళ్టి కేక కాదు పిల్లలూ, ఆ రోజు ఏటి ఒడ్డు దాకా వినిపించాల్సిన కేక, ఇన్నేళ్ళకు బయటికి వచ్చింది. కోట బురుజుల మీది పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి. పశువుల కొట్టంలో ఆవులు అంబా అన్నాయి. దేవకన్యల వరసలో మౌక్తికవేణి తల దించుకుంది, దేవరాణి చీరచెంగు కళ్ళకు అద్దుకుంది. పురోహితుడు మారు మాట్లాడకుండా, "తవిటమ్మ నామధేయాం" అని గొంతెత్తి చదివాడు. ఎవరూ నవ్వలేదు. మీరూ నవ్వడం లేదు, చూస్తూనే ఉన్నాను.

తవిటమ్మా చండప్రతాపుడూ తుమ్మలగిరిని చాలాకాలం ఏలారు. వాళ్ళ ఏలుబడిలో వానలు కురిశాయి, పంటలు పండాయి, మేనా ఎక్కినా గాడిదనెక్కినా మనిషికి మర్యాద దక్కింది. తవిటమ్మ కోపం మాత్రం తగ్గిందని ఎవరూ చెప్పలేదు. రాణి చంపకవల్లి రోజూ అన్నం వేళకు మేడెక్కి, "తవిటమ్మా! ఓ తవిటమ్మా! రా తల్లీ, చల్లారిపోతోంది!" అని ఊరంతా వినబడేలా పిలిచేది. కిరీటం పెట్టుకుని కొలువు తీరి ఉన్న కూతురు, "అబ్బబ్బ, చెవులు చిల్లులు పడుతున్నాయి, ఎందుకమ్మా అంత అరుపు!" అని కసురుకునేది. అలా కసురుకుంటే రాణి ఇంకొంచెం గట్టిగా పిలిచేది.